యాభై నాలుగు డిగ్రీల గోడ

ఆ రోజుకి పట్టణ ఆరోగ్య అధికారిణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏటికేడాది ఎండలు ముదురుతున్నాయి కాబట్టి, ఏ వీధిలో జనానికి వడదెబ్బ ముప్పు ఎక్కువో తేల్చాలి. అందుకు పన్నెండు వీధుల్లో పన్నెండు థర్మామీటర్లు పెట్టించింది. పదకొండింటికి కంప్యూటర్లో అంకెలు చూసి, నివేదిక పంపేసి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి వేళకి భోజనం చెయ్యాలనుకుంది.

పదకొండు వీధులు నలభైకి అటూ ఇటూ ఉన్నాయి. పన్నెండోది యాభై నాలుగు.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. యాభై నాలుగే.

"ఈ వీధిలో ఎవరుంటారండీ?" అని గుమాస్తాని అడిగింది.

"అంతా పెద్దవాళ్ళే మేడమ్. డెబ్బై దాటినవాళ్ళే ముప్ఫై మంది ఉంటారు."

"బాబోయ్! వెంటనే వాళ్ళని లైబ్రరీ హాల్లోకి చేర్పించండి, అక్కడ చల్లగా ఉంటుంది. నీళ్ళ ట్యాంకరూ, అంబులెన్సూ పంపండి."

గుమాస్తా కంగారు మనిషి. ట్యాంకరు డ్రైవరుకి ఫోను చేసి, "ఆ వీధి మండిపోతోందయ్యా! ఖాళీ చేయించు!" అన్నాడు. డ్రైవరు మాటని ఉన్నదున్నట్టు తీసుకునే రకం. దారిలోనే ఫైరింజనుకి కబురు చేసి, మైకు పట్టుకుని వీధిలోకి దిగాడు.

"అమ్మా! అయ్యా! వీధి మండిపోతోంది! అందరూ బయటికి రండి!"

అందరూ వచ్చారు. ఒక తాతగారు టీవీని చంటిపిల్లాడిలా ఎత్తుకొచ్చారు. ఒక బామ్మగారు పళ్ళసెట్టు మర్చిపోయానని వెనక్కి వెళ్ళి, హడావిడిలో పక్కింట్లో దూరి, ఆ ఇంటాయనది పెట్టుకొచ్చారు. ఇంతలో ఫైరింజను గంట కొట్టుకుంటూ దిగబడింది. పొగ ఎక్కడా అని చూస్తే, వీధి చివర బేకరీ గొట్టంలోంచి వస్తోంది. ఇంకేం, అందులోకి గురిచూసి నీళ్ళు కొట్టారు. లోపల్నుంచి బేకరీ యజమాని నెత్తిన తడిసిన పిండితో బయటికొచ్చాడు.

"ఎవరయ్యా మీరు? రెండొందల బన్నులు పులుసైపోయాయి!"

అధికారిణి వచ్చేసరికి బామ్మగారు దారికి అడ్డంగా నిలబడ్డారు.

"మంటేదమ్మాయ్?" అన్నారు. పళ్ళు పెద్దవి కావడంతో ప్రతి మాటకీ ఓ ఈల. "ఫ్యాను కింద హాయిగా ఉన్నదాన్ని. అరగంట నుంచి ఎండలో మాడుస్తున్నారు."

అధికారిణి థర్మామీటరు వెతుక్కుంటూ వెళ్ళింది. అది బేకరీ వెనక గోడకి వేలాడుతోంది. గోడ మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి తీసుకుంది. అది పొయ్యి గోడ.

"మీరే కదండీ నీడలో పెట్టమన్నారు," అని గుమాస్తా నసిగాడు. "వీధి మొత్తానికి నీడ ఇక్కడే ఉంది."

జనం ఒకటే నవ్వు. ఆవిడ మొహం కందగడ్డయిపోయింది. యజమానికి క్షమాపణ చెప్పుకుందామని అతని వెంట లోపలికి నడిచింది. గుమ్మంలోనే వేడి చెంప మీద కొట్టినట్టయింది.

"లోపల రోజూ ఇంతేనా?"

"ఇంతేనండి. ఈ ఏడాది మరీ ఎక్కువ. మాకు అలవాటే."

మూల పిండి బస్తా మీద పిండి కలిపే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కళ్ళు తేలేశాడు. అంత వేడిలోనూ ఒంటి మీద చెమట చుక్క లేదు.

"పెద్దాయనా, మీ పేరేంటి?"

"బన్నులు డజను నలభై," అన్నాడాయన.

ఆవిడ గబగబా దగ్గరికి వెళ్ళింది. నుదురు తాకితే ఇందాకటి గోడే నయం. "వడదెబ్బ! అంబులెన్సు!" అని అరిచింది. అది గుమ్మంలోనే ఉంది. నీళ్ళ గొట్టమూ సిద్ధంగానే ఉంది. పెద్దాయన్ని బయట పడుకోబెట్టి తడిపి ఆసుపత్రికి తరలించడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. సాయంత్రానికి ఆయన లేచి కూర్చుని, తన పొయ్యి ఎవరు ఆర్పారని నిలదీశాడు.

ఆవిడ నివేదిక చించేసి మళ్ళీ రాసింది. వీధుల్లోనే కాదు, బేకరీల్లో, లాండ్రీల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసే చోటా వేడి కొలవాలని పెట్టింది. బేకరీకి గాలిని బయటికి లాగే ఫ్యాను, గంటకోసారి విశ్రాంతి తప్పనిసరి చేయించింది.

దాంతో బ్రెడ్డు అరగంట ఆలస్యమవుతోందని వారంలో నలభై రెండు ఫిర్యాదులొచ్చాయి. ఎండల మీద మాత్రం ఒక్కటీ రాలేదు.