గుడ్డకుడుము ఊరేగింపు

ఏడాది ఆఖరి రోజు పొద్దున్న ఏడు గంటలకు నెట్టా గౌ చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుని, ఈ రోజు మొత్తం తన చెప్పుచేతల్లో ఉంటుందన్న ధీమాతో వంటింట్లోకి అడుగు పెట్టింది. పెళ్ళయి నాలుగు నెలలైంది. డండీ ఊళ్ళో, జూట్ మిల్లుల వీధిలో, మూడో అంతస్తు మీద రెండు గదుల కాపురం. చేతికి కుడుమిస్తే పండగ అనుకునే స్వభావం ఆమెది. కొత్త కెటిల్ ఈల వేసినా, కిటికీ అద్దం మీద మంచు ఆకులు గీసినా మురిసిపోయేది. ఆ రోజు మురిపానికి పెద్ద కారణమే ఉంది. తన చేత్తో తొలిసారి గుడ్డకుడుము చేయబోతోంది.

మర్నాడు కొత్త సంవత్సరం భోజనం తమ ఇంట్లోనే. ఆ ఊళ్ళో ఆ పూట బల్ల మీద గుడ్డకుడుము లేకపోతే వంటే జరగనట్టు. ఆ సంగతి ఆమె అత్తగారు ఎఫీ గౌ ఆదివారం నాడు గుర్తు చేసింది.

"చెయ్యమ్మాయ్, నీ సరదా ఎందుకు కాదనాలి? నేనూ ఒకటి చేసి తెస్తాలే. అవసరపడితే ఉంటుంది."

ఆ "అవసరపడితే" నెట్టా గుండెలో ముల్లులా దిగింది. పైగా అత్తగారు లేచి వెళ్తూ వెళ్తూ, కుండ దగ్గర్నుంచి కదిలే ఆడదానికి కుడుము కుదరదని, అది నలభై ఏళ్ళ అనుభవమని కూడా అంది. రేపు బల్ల మీద కోసేది ఒకే ఒక్క కుడుము. అది తనదే కావాలి. నెట్టా అప్పుడే తీర్మానించేసుకుంది.

పని బ్రహ్మాండంగా సాగింది. పిండి, రొట్టె పొడి, తురిమిన కొవ్వు, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, అల్లం పొడి, నల్లపాకం, పంచదార. పంచదార మీద రేషను ఎత్తేసి మూడు నెలలే అయింది కాబట్టి దాన్ని పోస్తున్నప్పుడు కాస్త ఉదారంగానే పోసింది. ముద్దను కట్టడానికి పాత గుడ్డే శ్రేష్ఠమంటారు. ఇంట్లో పాత గుడ్డంటూ ఏదీ లేదు, కాపురమే కొత్తది. అందుకని పెళ్ళికి వచ్చిన తలగడ గలీబుల్లో ఒకదాన్ని మరిగే నీళ్ళలో ముంచి, లోపలి వైపు పిండి అద్ది, ముద్దను అందులో పెట్టి, ఉబ్బడానికి చోటు వదిలి మూతి బిగించింది.

అంత మూటకు సరిపడే కుండ కింది అంతస్తు పిరీ గారి దగ్గర ముందు రోజే అరువు తెచ్చింది. కుండ అడుగున పళ్ళెం బోర్లించి, దాని మీద మూట పెట్టి, నీళ్ళు పోసి, ఎనిమిదిన్నరకు పొయ్యి మీదికి ఎక్కించింది. నీళ్ళు మరిగిన కొద్దీ అడుగున పళ్ళెం టకటకా మోగడం మొదలుపెట్టింది. నాలుగు గంటల పాటు ఆ మోత ఆగకూడదు. ఆగిందంటే నీళ్ళు ఇంకిపోయినట్టు, కుడుము మాడుతున్నట్టు.

అయితే పండగ పూట మాంసం కూరి కాల్చే "పై" అనే రొట్టెల కోసం కొట్టు ముందు వరసలో నిలబడక తప్పదు. ఆలస్యమైతే పైలు అయిపోతాయి. నెట్టా భర్తను పొయ్యి ముందు కూర్చోబెట్టింది. డంకన్ మిల్లు ఆఫీసులో గుమాస్తా. చెప్పిన పని చెప్పినట్టు, చెప్పిన వరసలో చేస్తాడని ఆఫీసులో అతనికి మంచి పేరుంది.

"పళ్ళెం మోత వింటూ ఉండు. తగ్గినట్టనిపిస్తే కెటిల్లో వేడి నీళ్ళున్నాయి, పోసెయ్. మూత మాత్రం ఎత్తకు."

"మూత ఎత్తకుండా నీళ్ళెలా పొయ్యను?"

"పొయ్యడానికి ఎత్తు. చూడ్డానికి ఎత్తకు."

"అర్థమైంది."

"ఊరికే కూచోలేకపోతే ఆ జాబితా ఉంది చూడు. అరువు తెచ్చినవన్నీ ఇవాళ ఇచ్చెయ్యాలి."

అరువు సామాను ఇంట్లో పెట్టుకుని కొత్త సంవత్సరంలోకి అడుగు పెట్టడం ఆ వీధిలో ఎవరూ చేయని పని. అందుకే నెట్టా ముందు రోజు కుండతో పాటు పిరీ గారి దగ్గర ఒక పెన్సిలు కూడా తెచ్చుకుని, ఒక్కటీ మరచిపోకుండా జాబితా రాసింది. మొదటి వరుస: పిరీ పిన్ని కుండ. రెండో వరుస: ఫోర్‌మన్ గారి బొగ్గు పార.

ఆమె వెళ్ళిన పది నిమిషాలకు డంకన్ ఆ జాబితా చదివాడు. మొదటి వరుస పూర్తి కాకుండా రెండో వరుసకు వెళ్ళడం అతని ఒంట్లో లేదు. కుండ ఇచ్చెయ్యాలి. ఉడుకు ఆగకూడదు. ఈ రెండింటికీ వైరమేమీ అతనికి కనిపించలేదు. కుండను రెండు గుడ్డలతో పట్టుకుని మెట్లు దిగాడు. పిరీ గారు కుప్ప దగ్గర బూడిద పారబోయడానికి వెళ్ళినట్టుంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల పొయ్యి భగభగమంటోంది, తమ పొయ్యి కంటే నయంగా ఉంది. కుండను దాని మీద పెట్టి, పళ్ళెం మళ్ళీ మోగేదాకా నిలబడి విని, పావుగంటకోసారి దిగివచ్చి వింటే సరిపోతుందని నిశ్చయించుకున్నాడు. తరవాత బొగ్గు పార పట్టుకుని ఫోర్‌మన్ గారింటికి వెళ్ళాడు. పండగ పూట వచ్చిన మనిషిని ఒక చుక్క పుచ్చుకోకుండా పంపే ఇల్లు కాదది. పావుగంట కాస్తా గంటన్నర అయింది.

ఈలోగా పిరీ గారు ఇంటికొచ్చి, తన పొయ్యి మీద తన కుండ, అందులో ఉడుకుతున్న కుడుము చూసి, కళ్ళనీళ్ళ పర్యంతమైంది. అరువు పాత్రను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఆ ఆచారం ఈ కాలపు పిల్లలకు తెలుసా అని ఆమె అంతకు ముందు రోజే ఎవరితోనో వాపోయింది. నెట్టా ఏకంగా కుడుమే పెట్టి పంపింది. కళ్ళు తుడుచుకుంటుంటే ఆమెకు మరో సంగతి తట్టింది. ఈ కుండ అసలు తనది కాదు. మొన్న జూన్‌లో రాణిగారి పట్టాభిషేకం విందుకని కింద ఉండే పియానో టీచరమ్మ జీన్ టోష్ దగ్గర తెచ్చింది. ఏడాది తిరగకముందే ఇచ్చెయ్యాలి, ఖాళీగా ఇవ్వకూడదు. తన కుడుము అప్పటికే అలమరలో చల్లారుతోంది, రెండోది ఏం చేసుకుంటుంది? కుండను ఉన్నపళంగా దింపుకుని మెట్లు దిగింది.

టోష్ టీచరమ్మ మూత మీంచి ఆవిరి వాసన చూసి, పిరీ గారికి కుర్చీ వేసి, తనూ కూలబడింది. పదహారేళ్ళుగా మనసులో దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టింది. ఆ కుండ తనది కూడా కాదు. అంతకు ముందు రాజుగారి పట్టాభిషేకం నాడు పక్క మేడలోని ఎఫీ గౌ దగ్గర అరువు తెచ్చింది. ఇవ్వడం మరచిపోయి, గుర్తొచ్చేసరికి సిగ్గుపడి, ఆ సిగ్గుతో పదహారేళ్ళుగా ఎఫీ గౌ ఎదురైతే వీధి దాటి అవతలి పక్కకు వెళ్ళిపోతోంది.

"ఇవాళ కూడా ఇవ్వకపోతే ఇంకెప్పుడిస్తావే? కుడుం కూడా సిద్ధంగా ఉంది," అంది పిరీ గారు.

ఆ మాట టీచరమ్మకు దేవుడే పలికించినట్టనిపించింది. ఇద్దరూ చెరో చెవి పట్టుకుని, మంచు తుంపరలో, ఆవిరి చిమ్ముతున్న కుండతో వీధిలో ఊరేగింపుగా నడిచారు. ఎదురొచ్చిన పాలబండి ఆగి దారిచ్చింది.

పదకొండు గంటలకు పైల పొట్లం చంకలో పెట్టుకుని నెట్టా మెట్లెక్కింది. పళ్ళెం మోత వినబడుతుందని చెవులు రిక్కించింది. వినబడలేదు. డంకన్ అప్పుడే ఫోర్‌మన్ గారింటి నుంచి వచ్చి, ప్రశాంతంగా జాబితాలో రెండో వరుస కొట్టేస్తున్నాడు.

"కుండేది?"

"ఇచ్చేశాను."

"కుడుమేది?"

"కుండలో."

నెట్టా పొట్లం అతని చేతిలో పెట్టి కిందికి పరిగెత్తింది. పిరీ గారి గుమ్మంలో నోరు తెరిచేలోపే ఆమె వాటేసుకుంది.

"ఎంత పద్ధతైన పిల్లవే. కుండ ఖాళీగా ఇవ్వకూడదని నీకెవరు చెప్పారే? మీ అమ్మను మెచ్చుకోవాలి."

అమ్మ పేరెత్తాక అది పొరపాటున వచ్చిందని ఎలా చెప్తుంది? నవ్వి, కుండ ఎక్కడికెళ్ళిందో కనుక్కుని, ఇంకో అంతస్తు దిగింది. అక్కడ టోష్ టీచరమ్మ మొహం కడిగిన అద్దంలా ఉంది. పదహారేళ్ళ తరవాత ఇవాళ వీధిలో తలెత్తుకుని నడిచానని, ఎఫీ తన చేయి పట్టుకుని లోపలికి పిలిచిందని, కుండను అక్కడికక్కడే తన పొయ్యి మీదికి ఎక్కించిందని చెప్పింది. తన కుడుము ఇప్పుడు అత్తగారి పొయ్యి మీద ఉంది.

వెళ్ళి అడగవచ్చు. కానీ అడగాలంటే కుండ దగ్గర్నుంచి కదిలానని ఒప్పుకోవాలి. అంతకంటే ముందు టీచరమ్మ తలను మళ్ళీ దించాలి. ఏ సంగతీ తేలకపోయినా, కనీసం పళ్ళెం మోగుతోందో లేదో విందామని నెట్టా పక్క మేడకు వెళ్ళింది. రేపు ఎన్నింటికి వస్తారో అడగడానికొచ్చానని చెప్పింది.

ఎఫీ గౌ పొయ్యి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పొయ్యి మీద పక్కపక్కనే రెండు కుండలు.

"మా అమ్మ కుండ తిరిగొచ్చిందే అమ్మాయ్. జీన్ టోష్ ఇచ్చి వెళ్ళింది. కుడుం కూడా పెట్టి ఇచ్చింది. ఆవిడకు వంటొచ్చని నాకివాళే తెలిసింది. ఇంకా గట్టిపడలేదు, పన్నెండున్నరదాకా ఉడకనివ్వాలి."

"మీది కూడా ఉడుకుతోందా అత్తయ్యా?"

"వినబట్టంలా? రెండు పళ్ళాలూ ఎలా మోగుతున్నాయో చూడు. అందుకే అంటాను, కుండ దగ్గర్నుంచి కదలకూడదని. నీది ఎవరు చూస్తున్నారు మరి?"

"అందరూ చూస్తున్నారు," అంది నెట్టా. అబద్ధం కాదు.

ఆమె శ్రద్ధగా విన్నది. ఒక్క పళ్ళెమే మోగుతున్నట్టు అనిపించింది. కానీ నలభై ఏళ్ళ అనుభవం ముందు నిలబడి పళ్ళేలు లెక్కపెట్టడానికి నాలుగు నెలల కోడలు ఎవరు? వచ్చేసింది. డంకన్‌తో, రేపు బల్ల దగ్గర నోరు విప్పితే కొత్త సంవత్సరమంతా పస్తే అని చెప్పి, చీపురు అందుకుని ఇల్లంతా రెండుసార్లు ఊడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఎఫీ గౌ వచ్చింది. చేతిలో పెద్ద పళ్ళెం, దాని మీద తెల్లగుడ్డ. నీదేదని అడగకుండానే దాన్ని బల్ల నడుమ పెట్టి గుడ్డ తీసింది. ఏం కుడుము అది. పున్నమి చంద్రుడంత గుండ్రంగా, వేరుశనగ పొట్టు రంగులో, నిగనిగలాడే తొక్కతో. కన్నబిడ్డను పరాయి చంకలో చూసినట్టుంది నెట్టాకు. అంతలో ఒక పక్కన, తొక్క మీద సన్నగా అచ్చుపడిన రెండు అక్షరాలు కనిపించాయి. గలీబు మీద కుట్టిన తన పేరు మొదటి అక్షరాలు. నెట్టా పాలగిన్నె జరిపి వాటికి అడ్డం పెట్టింది.

పైలు తిన్నారు. కుడుము కోశారు. అత్తగారు ఒక ముక్క తిని, మారు మాట్లాడకుండా ఇంకోటి వేసుకుంది.

"అమ్మా, నీ చేతి కుడుం ఎప్పుడూ ఇంతే," అన్నాడు డంకన్, నెట్టా బల్ల కింద అతని కాలు తొక్కేలోపే.

"నాది కాదురా. నాది బొగ్గయింది."

ఎఫీ గౌ చెంచా కింద పెట్టింది.

"రెండు పళ్ళాల మోతనుకున్నాను. మోగింది ఒకటే. ఈ కుండ వింటూ ఆ కుండ మాడబెట్టాను, ఎదురుగా కూచునే. వాసనొచ్చేసరికి అంతా అయిపోయింది."

ఆ తరవాత ఆమె సంచీలోంచి మడతపెట్టి ఇస్త్రీ చేసిన తలగడ గలీబు తీసి నెట్టా ముందు పెట్టింది.

"నిన్ననే ఇచ్చెయ్యాల్సింది. ఆరలేదు."

"మీకు తెలుసా అత్తయ్యా?"

"మూట విప్పాక తెలిసింది. నీ పెళ్ళికి ఆ అక్షరాలు కుట్టింది నేనే కదే పిచ్చిదానా. నిన్న నా ఎదురుగా నిలబడి, జీన్ పరువు కోసం నోరు మెదపకుండా వెళ్ళావు చూడు, అది కూడా అప్పుడే అర్థమైంది. వచ్చేవారం ఆవిడను టీకి పిలిచాను. ఆవిడకేం చెప్పకండి." ఆమె పాలగిన్నెను పక్కకు జరిపి, ఆ అక్షరాలున్న ముక్కను కోసి తన పళ్ళెంలో వేసుకుంది. "నేను కుండ దగ్గర్నుంచి కదల్లేదు, నాది మాడింది. నీది మూడిళ్ళు తిరిగొచ్చి ఇట్లా కుదిరింది. నలభై ఏళ్ళుగా ఏం నేర్చుకున్నానో నాకు తెలీదు."

నెట్టాకు నవ్వు ఆగలేదు, కన్నీళ్ళూ ఆగలేదు. డంకన్ మాత్రం తన వల్లే ఇంత మేలు జరిగిందన్న నమ్మకంతో మూడో ముక్క వేసుకున్నాడు.

వెళ్ళేటప్పుడు ఎఫీ గౌ గుమ్మంలో ఆగింది. "మా అమ్మ కుండ రేపు పంపిస్తాను, నీ దగ్గరే ఉంచుకో. ఇచ్చెయ్యడం కాదు సుమా, అరువు."

అరువు కుండ ఏడాది తిరిగేలోగా తిరిగి వెళ్ళాలి. ఖాళీగా వెళ్ళకూడదు. అంటే ఏటా పండగ కుడుము ఎవరు చేయాలో అత్తగారు ఆ ఒక్క మాటలో చెప్పేసింది. నెట్టా గుమ్మంలోనే నిలబడి మురిసిపోయింది.

డంకన్ మాత్రం అప్పటికే లోపలికి వెళ్ళి, కొత్త కాగితం తీసి, మొదటి వరుసలో "అమ్మ కుండ" అని రాయడం మొదలుపెట్టాడు. నెట్టా అతని చేతిలోంచి పెన్సిలు లాగేసుకుంది. అది పిరీ గారిదని ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.