మంత్రిగారి మెడ

"ప్రజాసేవలో అహోరాత్రాలు పరితపించిన ఫలితంగా, గౌరవనీయులైన ఎక్సైజ్ శాఖామాత్యుల పవిత్ర శరీరం మద్యాన్ని సంపూర్ణంగా తిరస్కరించిందని తెలియజేయడానికి ప్రభుత్వం గర్విస్తున్నది."

ఈ ప్రకటన పత్రికలన్నింటా మొదటి పేజీలోనే వచ్చింది. మద్యం అమ్మించడమే కొలువైన మంత్రికి మద్యం పడకపోవడాన్ని మించిన త్యాగం ప్రజాస్వామ్యంలో మరొకటి ఉండబోదని సంపాదకులు రాశారు. చదివి కళ్లు తుడుచుకున్నవారు అనేకులు. ఆ ప్రకటన రాసిన పెద్దమనిషి మాత్రం కళ్లు తుడుచుకోలేదు, మెడ గోక్కుంటున్నాడు. ఎందుకంటే ఆ ఎలర్జీ ఆయనది.

ఆయన మంత్రిగారి పి.ఏ. ఆఫీసులో అందరూ ఆయనను వెనక నుంచి 'గ్లాసుగారు' అంటారు. ఆ బిరుదు ఊరికే రాలేదు. విందుల్లో మంత్రిగారి చేతిలో గ్లాసు ఉంటుంది. కెమెరా లేచిన క్షణంలో అది ఉండకూడదు. కెమెరా లేవడానికీ మీట నొక్కడానికీ నడుమ ఉండే రెప్పపాటులో ఆ గ్లాసు పి.ఏ. చేతిలోకి వచ్చి తీరాలి. ఈ విద్యలో ఆయనను మించినవాడు లేడు. ఒలికిన చుక్క లేదు, చిక్కిన ఫొటో లేదు. అయితే నిండు గ్లాసు పట్టుకుని ఊరికే నిలబడ్డవాణ్ని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది గనుక, ఆయన ఒక గుక్క తాగేవాడు. దేశం కోసం కొందరు రక్తం ధారపోశారు, తన వంతుకు గుక్కలు వచ్చాయి, అని సర్దిచెప్పుకునేవాడు.

ఆ గుక్కే ఒక విందులో తిరగబడింది. ఎర్ర వైను గొంతు దిగిందో లేదో ముక్కు మూసుకుపోయింది. చెవులు కాలాయి. మెడ నిండా రూపాయి బిళ్లలంత దద్దుర్లు లేచాయి.

"ఇన్నేళ్లూ పడింది కదండీ, ఇప్పుడేమొచ్చింది?" అని డాక్టరమ్మను అడిగాడు, మోసపోయినవాడిలా.

"ఇన్నేళ్లూ మీ ఒళ్లు ఓర్చుకుంది. ఇక నావల్ల కాదంటోంది. కొందరికి ఏ వయసులోనైనా ఇలా మొదలవుతుంది," అన్నదావిడ. "వైనే కాదు, బీరైనా బ్రాందీ అయినా ఒక్క గుక్క ముట్టకండి. ఇప్పుడు పైన వాచింది. ఈసారి గొంతు లోపల వాస్తే ఊపిరి అందదు. నవ్వుతారేమిటి, నిజమే చెబుతున్నాను."

ఈ సంగతి విని ఆయన అక్కగారు నవ్వలేదు గాని, ఇంచుమించు సంతోషించింది.

"నీ ఒంటికున్న బుద్ధి నీకు లేకపోయింది కదరా," అన్నది.

అక్కగారు ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్. ఆ బడి గేటును ఆనుకునే మందు షాపు ఉన్నది. షాపు మంత్రిగారి బావమరిదిది. పొద్దున ప్రార్థన సమయానికే అక్కడ జనం పోగవుతారు, అరుగు మీద ఒకరిద్దరు ఒరిగిపోతారు, పిల్లలు వాళ్ల కాళ్లు దాటుకుని బడిలోకి రావాలి.

"తల ఎత్తుకుని నడవమని లోపల పాఠం చెబుతాను. గేటు దాటగానే వంచుకుంటారు. ఈ ఏడు మరో సెక్షను మూసేశాను. ఇంకో ఏడాది ఇలాగే పోతే బడికే తాళం వేయాలి. ఆ షాపు తీయించరా అని నీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. నీ మంత్రి దగ్గర నీకున్న పలుకుబడి గ్లాసు పట్టుకోవడానికేనా?"

అందుకేనని చెప్పడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. మర్నాడు మంత్రిగారి గదికి వెళ్లాడు. గ్లాసు బాధ్యత నుంచి తప్పించమని వేడుకుని, రుజువుగా కాలరు దించి చూపించాడు.

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. చుట్టూ తిరిగి ఆ మెడను ఎగాదిగా చూశారు. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. మందు షాపుల ముందు ఆడవాళ్లు రోడ్డు మీద బైఠాయిస్తున్నారు.

"ఇది నాకిచ్చెయ్యవయ్యా," అన్నారు.

"ఏమిటండీ?"

"ఈ ఎలర్జీ."

"ఎలా ఇస్తానండీ? ఒంట్లో ఉన్నది!"

"నువ్వు రాసే ఉపన్యాసాలు ఎవరివి?"

"మీవండీ."

"నువ్వు పట్టుకునే గ్లాసు?"

"మీదేనండీ."

"మరి ఎలర్జీ దగ్గరికొచ్చేసరికి నీ సొంతమైపోయిందేం? జీతం ఇస్తున్నది ఎవరు?"

ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయనకు ఈ తర్కం ఎన్నడూ తప్పుగా తోచలేదు. ఈసారి మాత్రం, ఉన్న కాస్త ధైర్యమూ పోగుచేసుకుని, అక్క బడి పక్క షాపు కదిలిస్తేనే ఇస్తానన్నాడు.

"కదిలిద్దాం. రాయి," అన్నారు మంత్రిగారు.

రాశాడు. ఆ తరువాత జరిగినది దేశమంతా ఎరిగినదే. వారం తిరక్కుండా పార్టీ కార్యాలయంలో గోక్కోనివాడు లేకపోయాడు. సహాయ మంత్రి ఒకరు తనకు ద్రాక్షపండు చూసినా తుమ్ములు వస్తాయన్నారు. మరొకరు తమది తాతల నాటి ఎలర్జీ అని సభలో రొమ్ము విరిచారు. పార్టీ టిక్కెట్టు ఆశించేవారంతా దద్దుర్లతో సహా దరఖాస్తు పెట్టుకున్నారు. ప్రతిపక్షం మాత్రం రుజువు చూపమన్నది.

రుజువు కోసం పి.ఏ.ను ఒక స్టూడియోకు తీసుకుపోయి, దూదితో వైను అద్ది, గడ్డం కింద నుంచి కాలరు దాకా ఫొటో తీశారు. ఊరూరా ఇంటి ఎత్తు పోస్టర్లు లేచాయి. దద్దుర్లెక్కిన మెడ, దాని మీద ఒక పుట్టుమచ్చ, కింద 'మద్యం నాకు పడదు, మీకూ వద్దు' అని మంత్రిగారి సంతకం. ఆ పోస్టరు కింద నడిచి ఆఫీసుకు పోతూ, తన మెడ వంగడానికి తప్ప మరొకందుకు పనికిరావడం ఇదే మొదటిసారని పి.ఏ. కొంత గర్వించాడు కూడా.

"ఆ పుట్టుమచ్చ నాకు తెలియదనుకున్నావా?" అన్నది అక్కగారు. "చిన్నప్పుడు ఆ మెడ రుద్ది రుద్ది కడిగింది నేను. సరే, మెడ ఇచ్చావు. షాపు కదిలిందా?"

"కదులుతుందక్కా. ఇంజనీరు వచ్చి కొలిచాడు."

ఇంజనీరు కొలిచిన మాట నిజమే. షాపు కదిలిన మాటా నిజమే. ప్రారంభోత్సవం నాడు హెడ్‌మిస్ట్రెస్ పిల్లలను వరుసలో నిలబెట్టి, చప్పట్లకు సిద్ధంగా ఉంచింది. మంత్రిగారి చూపు సైతం మద్యాన్ని తట్టుకోలేదు గనుక, వారి కారు వెళ్లే రోడ్డు వైపు ఉన్న తలుపును ఇటుకలతో మూసేశారు. దాని మీద 'ఇక్కడ మద్యం షాపు లేదు' అని అందమైన బోర్డు పెట్టారు. కొత్త తలుపు వెనక వైపు తెరిచారు. వెనక వైపు బడి ఆటస్థలం. మధ్య గోడ పగలగొట్టి, తాగేవారు నడిచేందుకు వీలుగా ఆటస్థలంలో సిమెంటు బాట కూడా పోశారు.

హెడ్‌మిస్ట్రెస్ చేతులు చప్పట్లకు లేచి, అలాగే ఆగిపోయాయి.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. పక్కనే పెద్ద పోస్టరు. బావమరిది పొంగిపోయి, "మొదటి గ్లాసు నీదే బావా!" అంటూ పాత అలవాటు కొద్దీ గ్లాసు అందించాడు. పాత అలవాటు కొద్దీ మంత్రిగారు అందుకున్నారు. కెమెరాలు లేచాయి. రెప్పపాటులో గ్లాసు పి.ఏ. చేతిలో ఉన్నది. ఒక్క చుక్క ఒలకలేదు.

"పట్టుకుని చూస్తున్నారేమండీ?" అన్నాడు ప్రతిపక్ష పత్రిక విలేకరి. "కొంపదీసి మీకూ పడదా ఏమిటి?"

మంత్రిగారు పెదవులు కదపకుండా, చిరునవ్వు చెదరకుండా గొణిగారు. "తాగెయ్. నీకెందుకయ్యా భయం? అదిప్పుడు నాది కదా!"

"ఒరేయ్, వద్దురా!" అని అక్కగారు అరిచింది.

షాపు తలుపు చూసి గుండె మండి, సాహసించి తాగానని ఆయన తరువాత కొన్నాళ్లు నమ్మడానికి ప్రయత్నించాడు. కుదరలేదు. కెమెరా లేచింది, చెయ్యి లేచింది, అంతే.

దద్దుర్లు మొదట కాలరు పైకి వచ్చాయి, తరువాత చెవులకు ఎక్కాయి. ఫొటోగ్రాఫర్లు ఆ మెడను చూశారు. పక్కనున్న పోస్టరును చూశారు. ఇక్కడి పుట్టుమచ్చను, అక్కడి పుట్టుమచ్చను చూశారు. ఒక్కొక్కరే కెమెరాలు దించేశారు. వాళ్లకూ పెళ్లాం బిడ్డలున్నారు.

ఊపిరి అందక ఆయన కూలబడ్డాడు. దగ్గరలో ఉన్నది మంత్రిగారి కారు ఒక్కటే. "పక్కకు జరగండి!" అన్నది హెడ్‌మిస్ట్రెస్, తరగతి గదిలో వాడే గొంతుతో. మంత్రిగారు జరిగారు. ఎందుకు జరిగారో వారికే తెలియలేదు.

ఆ కారులోనే ఆస్పత్రి చేరాక డాక్టరమ్మ సూది వేసి ఊపిరి నిలబెట్టింది, బాగా చీవాట్లు పెట్టింది. మర్నాడు ఆస్పత్రి మంచం మీద, వాచిన చెవికి ఫోను ఆనక, స్పీకరు పెట్టుకుని పి.ఏ. మంత్రిగారి మాట విన్నాడు. గదిలోనూ వరండాలోనూ పరామర్శకు వచ్చిన కార్యకర్తలు నిండి ఉన్నారు. అక్కగారు మంచం పక్కన కూర్చుని ఉన్నది.

"ఏమయ్యా, మీ అక్క చేసిన పని తెలుసా? నా పోస్టరు ఊడదీసి కొత్త తలుపుకు అడ్డంగా మేకులు కొట్టించింది! షాపు తెరవాలంటే నా మెడ చించాలి. పోలీసులు వెళితే, 'మంత్రిగారి మెడ మీద చెయ్యి వేస్తారా, వెయ్యండి చూస్తాను' అన్నదట. ఒక్కడూ ముట్టుకోలేదు. బావమరిది లబోదిబోమంటున్నాడు."

పి.ఏ. అక్క వైపు చూశాడు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటున్నది.

"కాబట్టి వెంటనే ప్రకటన రాయి. ప్రజల ఆశీస్సులతో నా ఎలర్జీ పూర్తిగా నయమైపోయిందని. అప్పుడా పోస్టరుకు విలువుండదు, పీకించేద్దాం."

పి.ఏ. చెయ్యి కలం కోసం దిండు కింద తడిమింది. గొంతు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. ఇంతవరకు రాయనన్న అలవాటూ లేదు.

"మీకు నయం కావాలంటే ముందు నాకు నయం కావాలి కదండీ," అన్నాడు చివరికి, ఎంతో వినయంగా. "నాకిది జన్మంతా ఉంటుందట. డాక్టరమ్మ చెప్పింది."



"అయితే ఇంకో మెడ చూడవయ్యా," అన్నారు మంత్రిగారు.

పరామర్శకు వచ్చిన కార్యకర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత, ముందు వరుసలో ఉన్నవాడితో మొదలుపెట్టి, ఒక్కొక్కరే కాలరు బొత్తాలు విప్పసాగారు.