ఏడో తరగతి ఏకగ్రీవం

ఆ శుక్రవారం పొద్దున హరిత వేసుకున్న పథకం చాలా చిన్నది: బడి లీడరు ఎన్నికలో మర్యాదగా ఓడిపోవడం. ఏడో తరగతిలో ఫస్టు వస్తుంది కాబట్టి హెడ్‌మాస్టరు హేమావతి మేడం ఆ పిల్ల పేరు తానే రాసేశారు. కాదనే ధైర్యం హరితకు లేదు. లీడరంటే రోజూ ప్రార్థనలో మైకు పట్టుకుని ప్రతిజ్ఞ చెప్పించాలి. మైకు కనపడితే చాలు, ఆ పిల్ల గొంతు నల్లమాడ బస్సెక్కి వెళ్ళిపోతుంది. పోటీలో ఉన్న లోకేష్ సంగతి వేరు. వాడు పెనుకొండలో దగ్గితే ధర్మవరంలో నేతగాళ్ళు మగ్గం ఆపి ఎవరా అని చూస్తారు. అందుకే తన స్నేహితురాళ్ళందరికీ లోకేష్‌కే ఓటెయ్యమని ముందే చెప్పిపెట్టింది.

సంగటి తింటూ నోరు జారకపోతే అంతా సవ్యంగానే జరిగేది.

"నాయనా, ఈపొద్దు మా బళ్ళో ఎలక్షను. నేనూ నిలబడినా."

తండ్రి గంగాధరప్ప చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. ఆ ఊళ్ళో సర్పంచికి ఓట్లు పడి పదిహేనేళ్ళయింది. ప్రతిసారీ ఎదుటివాళ్ళను కూర్చోబెట్టి, బుజ్జగించి, ఏకగ్రీవం చేసే ఘనుడు ఆయనే.

"ఇంకెవురు నిలబడినారు?"

"లోకేష్, అరుణ. నాయనా, నాకేమో..."

"నువ్వు గమ్మునుండు పాపా. ఓట్లు పెట్టుకుంటే ఇండ్ల మధ్య మాటలు పోతాయి. నేను మాట్లాడొస్తా."

ఆయన చెయ్యి కడుక్కున్నాడో లేదో, బండి సందు దాటిపోయింది.

లోకేష్ తండ్రి నాగరాజుతో బేరం త్వరగానే తెగింది.

"ఏమప్పా, మీవాణ్ణి తప్పుకోమను. ఆటల లీడరు వానికే ఇప్పిస్తా."

"జెండా కట్టేది గూడా వానికే రావాల."

"అట్లే కానీ."

అరుణ వాళ్ళ అవ్వ చౌడక్క మాత్రం గట్టి పిండం. "మా పాపకేం తక్కువబ్బా? ఉపలీడరన్నా ఈయాల."

"ఇచ్చినాలే అక్కా."

బళ్ళో ఉపలీడరు పదవే లేదని ఆయనకు తెలియదు, ఆమెకూ తెలియదు. పిల్లలు తప్పుకుంటున్నారని నాగరాజు కాగితం రాసిచ్చాడు, చౌడక్క వేలిముద్ర వేసింది. ఊరు దాటేసరికి గంగాధరప్ప వెనక నలుగురు. బడి చేరేసరికి నలభై మంది, రెండు తప్పెట్లు, మూరెడు మందాన చామంతి దండ.

గేటు దగ్గర లోకేష్ దిగులుగా నిలబడి ఉన్నాడు. "నేను తప్పుకున్నానంట. మా నాయన చెప్పినాడు. నువ్వే లీడరంట."

హరిత తేరుకునేలోగా దండ మెడలో పడింది, మైకు మూతి దగ్గరికొచ్చింది.

"రెండు మాటలు చెప్పమ్మా," అన్నాడు గంగాధరప్ప, కండువా సర్దుకుంటూ.

రెండు వందల మంది పిల్లలు, నలభై మంది పెద్దలు చూస్తున్నారు. హరిత నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్ళీ తెరిచింది. ఈసారి అదీ రాలేదు.

అప్పుడు హేమావతి మేడం హరిత నామినేషను కాగితం పట్టుకుని మెట్లు దిగారు. "గంగాధరప్పా, ఈ సంతకం మీదేనా?"

"నాదే మేడం. మార్కుల కాగితమనుకొని పెట్టినా."

"సంతకం పైనుండే లైను చదవండి."

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. "పెద్దలు ప్రచారం చేసినచో అభ్యర్థిని పోటీ నుండి తొలగించెదము." ఇంకోసారి చదివినా అదే ఉంది. "ఇది ప్రచారమెట్లయితాది మేడం? అందర్నీ ఒప్పించినా గదా," అంటూ పిల్లలు తప్పుకున్నట్టు రాయించుకున్న కాగితం తీసి చూపించాడు.

"మరి ఆ తప్పెట్లు ఎందుకొచ్చినాయి?"

తప్పెట్లవాళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కోబోయారు.

"తప్పుకుంటామని పిల్లోళ్ళే చెప్పాల. నాయన సంతకం, అవ్వ వేలిముద్ర చెల్లవు. లోకేష్, అరుణ పోటీలో ఉన్నట్టే. హరిత పేరు తీసేస్తాండాం." మేడం హరిత భుజం మీద చెయ్యి వేశారు. "బాధపడొద్దమ్మా."

"నాకేం బాధ లేదు మేడం," అంది హరిత.

మైకు ఇంకా మూతి దగ్గరే ఉంది. ఆ మాట చివరి వరుస దాకా ఖంగుమని వినిపించింది.

మధ్యాహ్నానికి లోకేష్ గెలిచాడు. తెచ్చిన దండ వాడిపోతుందని గంగాధరప్పే వాడి మెడలో వేయవలసి వచ్చింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది హరితే. పోటీ నుంచి తీసేసిన అభ్యర్థి అంత సంబరపడడం ఆ మండలంలో అంతకుముందెవరూ చూడలేదు.