పేరు లేని ఉత్తరానికి జవాబు

గురువారం పొద్దున్నే పెద్ద డాక్టరమ్మ చీటీ మీద మూడు పనులు రాసుకుంది. పన్నెండింటి దాకా రోగులు. మూడింటికి శిక్షణ కేంద్రం. ఈ రెండింటి మధ్యా ఎలాగైనా ఉత్తరం. మూడో పని కింద రెండు గీతలు గీసి, చీటీని ఫ్రిజ్‌కి అంటించి, మళ్లీ ఊడదీసి బ్యాగులో వేసుకుంది. ఫ్రిజ్ మీద ఉన్నది చదవడానికి ఆ ఇంట్లో ఆవిడ తప్ప ఇంకో మనిషి లేరు. ఆవిడేమో ఆ వేళకి ఆస్పత్రిలో ఉంటుంది.

ఉత్తరం కథ ఇది. ఆవిడ ఫ్యామిలీ మెడిసిన్ నేర్పే డాక్టరు. చదువు ముగించిన కుర్ర డాక్టర్లు మూడేళ్లు ఆవిడ కింద పనిచేసి, పసిపిల్ల జలుబు నుంచి ముసలాయన దిగులు దాకా ఇంటిల్లిపాదికీ వైద్యం చెయ్యగలవాళ్లయి వెళ్లిపోతారు. నేర్పేవాళ్లు కూడా ఎప్పటికప్పుడు నేర్చుకుంటూ ఉండాలని పైవాళ్ల నియమం. ఆర్నెల్ల కిందట అలాంటి తరగతిలో, అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, "మీ బోధనలో మార్చుకోవలసింది ఏమిటో మీకు మీరే ఉత్తరం రాసుకోండి. ప్రాణస్నేహితురాలికి రాసినట్టు 'నువ్వు' అనే రాయండి. సంతకం అక్కర్లేదు. మేం దాచి ఆర్నెల్లకి పోస్టు చేస్తాం" అన్నారు. ఆ ఉత్తరం పట్టుకుని ఇవాళ మళ్లీ రావాలి. అందరి ముందూ చదివి, అందులో ఎంత ఆచరించారో చెప్పాలి. చెప్పలేనివాళ్లకి నేర్పే అనుమతి పొడిగించరు. రోగుల్ని మాత్రం చూసుకోవచ్చు.

మిగతావాళ్ల ఉత్తరాలు సోమవారమే వచ్చేశాయి. ఆవిడది రాలేదు. పైగా అందులో ఏం రాసిందో ఒక్క ముక్క గుర్తులేదు. ఆ రోజు తీరిగ్గా కూర్చుని గుండ్రంగా రాశానని మాత్రం గుర్తుంది.

రోగుల్ని చూసుకుంటే చాలుగా అంటారేమో. రోగి పది నిమిషాల్లో లేచి వెళ్లిపోతాడు. కుర్ర డాక్టర్లయితే మూడేళ్లు ఉంటారు. ప్రతి ఆదివారం ఫోన్ చేసే అక్క రెండేళ్ల కిందట పోయింది. ఆదివారం మాత్రం క్రమం తప్పకుండా వస్తూనే ఉంది. ఇక ఆవిడకి మనుషులంటూ ఉన్నది ఆ కుర్రవాళ్లే. వాళ్లు వెళ్లిపోయే రోజు తట్టుకోలేదు. అందుకని ఏటా వీడ్కోలు సభ రోజున ఆవిడకి పంటి నొప్పి వచ్చేది. పంతొమ్మిది సభలకి పంతొమ్మిది సార్లు డెంటిస్టు దగ్గరికి వెళ్లింది. నాలుగు పళ్లు పీకించుకుంది, పదకొండింటికి సిమెంటు పెట్టించుకుంది, మిగతా నాలుగేళ్లూ ఊరికే తోమించుకుని వచ్చింది. ఈ ఏటి సభ రేపే. రేపు మధ్యాహ్నం మూడున్నరకి డెంటిస్టు దగ్గర చోటు ఖాయం చేసుకునే ఉంది.

ఆస్పత్రిలో అడుగు పెడుతూనే కౌంటర్ దగ్గర ఆగింది.

"నాకేమైనా ఉత్తరం వచ్చిందామ్మా?"

పదకొండేళ్లుగా ఆ కిటికీ వెనక కూర్చుంటున్న కౌంటరమ్మ చేతిసంచీని గబుక్కున ఒళ్లోకి లాక్కుంది.

"మీకెవరు రాస్తారమ్మా!" అంది. ఆ వెంటనే, "టీ తాగుతారా? కూర్చోండి, నేనే తెస్తా. మీరు లేవకండి" అంది.

నాలుగు రోజులుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. నాకు నేనే రాసుకున్న ఉత్తరం కోసం చూస్తున్నానని చెప్పడానికి డాక్టరమ్మకి నామోషీగా ఉంది. 'నిజమే, నాకెవరు రాస్తారు' అనుకుంటూ గదిలోకి వెళ్లింది. కౌంటరమ్మ టీ తెచ్చి, డాక్టరమ్మ తాగేదాకా పక్కనే నిలబడి, వెళ్తూ వెళ్తూ ఆవిడ భుజం నిమిరింది. పదకొండేళ్లలో ఆ చెయ్యి ఆ భుజం మీద పడటం అదే మొదలు.

జరిగిందేమిటంటే, ఆస్పత్రికి వచ్చే టపా అంతా చింపి, తేదీ ముద్ర కొట్టడం కౌంటరమ్మ పని. సోమవారం ఆ అలవాటు కొద్దీ డాక్టరమ్మ పేరున వచ్చిన ఒక కవరు చింపింది. చదివింది. చదివి కుర్చీలో కూలబడింది. అందులో ఇలా ఉంది.

"నువ్వు అతిగా మాట్లాడతావు. నువ్వు గదిలో ఉంటే పిల్లలకి నోరు పెగలదు. జవాబు వాళ్ల నాలుక చివరికి రాగానే నువ్వే చెప్పేస్తావు. అన్నీ నేర్చేసుకుంటే వాళ్లు వెళ్లిపోతారని నీ భయం. ఎలాగూ వెళ్లిపోతారు. వెళ్లాక నిన్ను తలుచుకునేవాళ్లు ఒక్కరూ లేరు. ఇకనైనా పట్టు వదులు. ఇట్లు, నీ మేలు కోరే మనిషి."

పేరు లేదు, ఊరు లేదు. కవరు వెనక ఒక పోస్టు పెట్టె నంబరు ఉందంతే. కౌంటరమ్మ దాన్ని సంచీలో దాచేసి, మూడో ఏడు చదివే పొడుగు డాక్టరుకీ, ముసలి నర్సుకీ చూపించింది. "ఈ గుండ్రటి చేతిరాత ఎవడిదో కనిపెట్టాలి" అనుకున్నారు ముగ్గురూ. డాక్టరమ్మ కంట పడనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే ఇంకో పని కూడా చేశారు. అది ముందు ముందు తెలుస్తుంది.

పదకొండింటికి పొడుగు డాక్టరు పెద్ద డాక్టరమ్మ గదిలోకి వచ్చాడు. తలుపు మూశాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, మోకాళ్లు ఆవిడ మోకాళ్లకి సమానంగా వచ్చేలా కూర్చున్నాడు. బల్ల మీది టిష్యూ డబ్బాని ఆవిడ చేతికి అందేలా జరిపాడు.

ఆ వరస డాక్టరమ్మకి బాగా తెలుసు. రోగికి చెడ్డ వార్త ఎలా చెప్పాలో ఆ కుర్రాడికి నేర్పింది ఆవిడే. మొదటి మెట్టు తలుపు, రెండోది కుర్చీ, మూడోది టిష్యూ డబ్బా. నాలుగోది ఒక ప్రశ్న.

"మేడమ్, మీకు ఇప్పటివరకు ఏం తెలుసు?" అన్నాడు పొడుగు డాక్టరు, ఆవిడ నేర్పిన గొంతుతోనే.

"ఏమీ తెలీదు నాయనా."

"బొత్తిగా ఏమీ తెలీదా?"

"తెలీదు. ఏంటో చెప్పు, ఫర్వాలేదు."

"అమ్మయ్య!" అని, అతను లేచి వెళ్లిపోయాడు.

అమ్మయ్య అనే మెట్టు ఆ పాఠంలో లేదు. డాక్టరమ్మ టిష్యూ డబ్బాని తిరిగి దాని చోట పెట్టబోయింది. అప్పుడు తట్టింది. సోమవారం సిబ్బంది అందరికీ ఏటేటా చేసే రక్త పరీక్ష జరిగింది. టీ, భుజం నిమరడం, కుర్చీ... వెంటనే ల్యాబుకి ఫోన్ చేసింది.

"మీదా అమ్మా? మీ రక్తం గడ్డకట్టిందండీ. ఇంకోసారి తియ్యాలి" అన్నాడు ల్యాబు మనిషి.

'ఇంకోసారి తియ్యాలి' అన్న మాటకే ఆవిడ ముందు ఎందరు రోగులు నీరుగారిపోలేదు! "మామూలేనండీ, కంగారు పడకండి" అని నవ్వుతూ చెప్పేది. ఇప్పుడు ఆ నవ్వు ఎంత వెతికినా దొరకలేదు.

ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఫోన్‌లో పేర్లు పైనుంచి కిందికి చూసుకుంటూ పోయింది. ప్లంబరు, గ్యాసు, డెంటిస్టు, అక్క. అక్క పేరు దగ్గర వేలు ఆగింది. నంబరుంది, ఎత్తే మనిషి లేదు. ఫోన్ బోర్లా పెట్టేసి, పొడుగు డాక్టర్ని పిలిచి, మెడలోని స్టెతస్కోపు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచుకో. నాకింక దీంతో పనుండకపోవచ్చు."

పొడుగు డాక్టరు ఒక్క అంగలో కౌంటర్ దగ్గర తేలాడు.

"ఆవిడకి తెలిసిపోయిందండీ! ఉద్యోగం మానేస్తున్నారు!"

"చెప్పానా, నువ్వు వెళ్లి గెలక్కు అని!" అంది కౌంటరమ్మ. "మూడింటికి ఎక్కడికో మీటింగుకి వెళ్తోంది. రాజీనామా ఇవ్వడానికే అయ్యుంటుంది. ఒంటరిగా వెళ్లనిస్తామా? పద."

శిక్షణ కేంద్రం గదిలో ఇరవై కుర్చీలున్నాయి. డాక్టరమ్మ ముందు వరసలో కూర్చుంటే, వెనక వరసలో కౌంటరమ్మా, పొడుగు డాక్టరూ తాము అక్కడ లేనట్టు నటిస్తూ కూర్చున్నారు. తోడెందుకని డాక్టరమ్మ అడగలేదు. చెడ్డ వార్త విన్న రోగుల్ని ఒంటరిగా పంపకూడదని నేర్పిందీ ఆవిడే.

తరగతి నడిపే అమ్మాయి పన్నెండేళ్ల కిందట ఆవిడ దగ్గర చదువుకున్నదే. డాక్టరమ్మ వంతు వచ్చింది.

"నా ఉత్తరం రాలేదమ్మా" అని లేచింది డాక్టరమ్మ.

"ఇక్కడికే తిరిగొచ్చింది మేడమ్. నిన్న మా పోస్టు పెట్టెలో ఉంది. పైన మీ పేరు చూసి తీసిపెట్టాను. చదవండి."

డాక్టరమ్మకి ప్రాణం లేచొచ్చింది. కవరు మీద ఏముందో చూడకుండానే పర్రున చింపి, కళ్లజోడు సర్దుకుని పైకి చదివింది.

"పేరు రాసుకునే దమ్ము లేని పిరికిపందా!"

వెనక వరసలో ఎవరో "చచ్చాం" అన్నారు.

"చాలా నిజాయితీగా ఉంది మేడమ్, కానివ్వండి" అంది తరగతి అమ్మాయి. పక్క కుర్చీలో ఉన్న డాక్టరు 'ఆత్మవిమర్శ' అని రాసుకున్నాడు.

నా మీద నాకే ఇంత కోపం ఉందా అనుకుంటూ డాక్టరమ్మ తర్వాతి వాక్యం అందుకుంది.

"ఇంకోసారి ఇలాంటి పిచ్చి రాతలు రాశావో, నీ చెయ్యి విరిచి, కట్టు కట్టకుండా పంపిస్తాం. మా డాక్టరమ్మ అతిగా మాట్లాడుతుందన్నావు. మాట్లాడుతుంది. వినడానికి మాకు లేని నొప్పి నీకెందుకు? వెళ్లినవాళ్లు ఆవిణ్ని తలుచుకోరన్నావు. నీకేం తెలుసు? ఫోన్ ఎత్తేది నేను. పాత పిల్లలు వారానికి ఆరుగురు ఫోన్ చేస్తారు. 'మేడమ్ ఉన్నారా, ఊరికే, గొంతు విందామని' అంటారు. ఆవిడకి అసలే ఊపిరి సలపని పని. అందుకని 'మేడమ్ బిజీ' అని నేనే పెట్టేస్తాను. ఆవిణ్ని అంత పువ్వుల్లో పెట్టి..."

డాక్టరమ్మ చదవడం ఆపింది.

కౌంటరమ్మ అప్పటికే లేచి నిలబడి ఉంది. "అయ్యో, అది మేం రాసిందమ్మా! మీకు కాదు, ఆ దుర్మార్గుడికి! మీ పేరు రాసి, 'ఈవిడకి ఉత్తరం రాసినవాడికి' అని కవరు మీద పెట్టాం కూడా!" అంటూ సంచీలోంచి అసలు ఉత్తరం తీసి పరిగెత్తుకొచ్చింది. "వీడికి!"

డాక్టరమ్మ గుండ్రటి అక్షరాల వైపు చూసింది.

"ఇది నా చేతిరాతే."

"మీ చేతిరాత నాకు తెలీదా అమ్మా? మీది చీమలబారు. మందుల షాపతను రోజూ నన్నే అడుగుతాడు."

"తీరిగ్గా రాస్తే ఇలాగే ఉంటుంది."

కౌంటరమ్మ సంచీని గుండెకి హత్తుకుంది. "అయితే ఆ చెయ్యి విరవడం..."

"నాదే."

డాక్టరమ్మకి మాత్రం చెయ్యి సంగతి పట్టలేదు. "వారానికి ఆరుగురా?" అంది మెల్లిగా.

"ఒక్కో వారం ఎనిమిది మంది" అంది కౌంటరమ్మ, అంతలోనే కాస్త గర్వంగా.

"ఎన్నాళ్ల నుంచి?"

"నేను చేరిన దగ్గర్నుంచీ. పదకొండేళ్లు. మిమ్మల్ని ఒక్కసారంటే ఒక్కసారి విసిగించనిస్తే ఒట్టు!"

"అందులో నేనూ ఉన్నాను మేడమ్" అంది తరగతి నడిపే అమ్మాయి. "ఏడుసార్లు చేసి మానేశాను. గుర్తులేనేమో అనుకున్నా. మా వీడ్కోలు రోజున కూడా మీరు రాలేదుగా."

"పంటి నొప్పి..."

"జ్ఞానదంతం అని చెప్పారు."

డాక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. టిష్యూ డబ్బా చేతికి అందేంత దూరంలో లేదు. పొడుగు డాక్టరు వెనక వరస నుంచి లేచొచ్చి దాన్ని దగ్గరికి జరిపాడు, కుర్చీ లాక్కుని మోకాళ్లు సమానంగా కూర్చున్నాడు. ఈసారి ఏమీ అడగలేదు. ఆవిడా ఏమీ అనలేదు. కౌంటరమ్మ సంజాయిషీ చెప్పుకుంది, తరగతి అమ్మాయి ఆ ఏడు ఫోన్లలో ఏం అడగాలనుకుందో చెప్పింది, పొడుగు డాక్టరు పొద్దుటి 'అమ్మయ్య' ఎందుకో వివరించాడు. డాక్టరమ్మ వింటూ ఉంది.

చివరికి కళ్లు తుడుచుకుని, "ఆర్నెల్లలో ఇందులో ఉన్నది ఒక్కటీ చెయ్యలేదమ్మా" అంది. "అబద్ధమెందుకు? ఏమీ మార్చుకోలేదని రాసుకో."

తరగతి అమ్మాయి గుండ్రటి అక్షరాల ఉత్తరాన్ని తీసుకుని చదివి, గోడ గడియారం వైపు చూసింది. "పన్నెండు నిమిషాల నుంచి మేం ముగ్గురం మాట్లాడుతున్నాం, మీరు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు మేడమ్. మా ఏడాదిలో మీ రికార్డు పదిహేను సెకన్లు. నేను చూసింది నేను రాస్తాను" అని, అనుమతి పొడిగించే కాగితం మీద సంతకం పెట్టింది.

బయటికి వస్తుంటే డాక్టరమ్మకి ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"అయితే నా రక్తం?"

"ఏ రక్తం మేడమ్?" అన్నాడు పొడుగు డాక్టరు.

ఆవిడ అతని మెడ వైపు చెయ్యి చాపింది. "నా స్టెతస్కోపు ఇటు తే."

అతను తీసి ఇచ్చాడు. మొహం కొంచెం చిన్నబోయింది.

"రేపిస్తాను" అంది. "సభలో, అందరి ముందూ."

కౌంటరమ్మ వెనక నుంచి, "ఇకమీదట మీకొచ్చే ఫోన్ ఏదైనా సరే, కలపకపోతే నన్నడగండి అమ్మా" అని నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది.

మర్నాడు సభలో డాక్టరమ్మ మొదటి వరసలో కూర్చుంది. పొడుగు డాక్టరు మాట్లాడటానికి లేచాడు, ఆవిడ కళ్లు అప్పటికే చెమ్మగిల్లాయి. సరిగ్గా అప్పుడే కౌంటరమ్మ హాలు తలుపు భళ్లున తెరిచి, "అమ్మా, మీకు ఫోను!" అని కేకేసింది.

పదకొండేళ్ల తర్వాత కౌంటరమ్మ కలిపిన మొట్టమొదటి ఫోన్, మూడున్నరకి రావలసిన మనిషి ఇంకా రాలేదేమని అడుగుతున్న డెంటిస్టుది.