తువ్వాలు లేస్తే అటాకింగ్

ఆ ఆదివారం పొద్దున కరీముల్లా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీలు తినాలి, నులకమంచం నీడలోకి లాక్కోవాలి, పది గంటలకి ఫోన్లో ఫైనల్ ఆడించాలి. ఫోన్లో ఆయనకో ఫుట్‌బాల్ జట్టుంది. ఆటగాళ్ళని కొనడం, అమ్మడం, ఎవడెక్కడ నిలబడాలో చెప్పడం ఆయన పని. బంతి తన్నడం ఆ బొమ్మల పని. ఆట నడుస్తుండగా తెర అడుగున ఒక గీత కనపడుతుంది. దాని మీద బొటనవేలు కుడికి జరిపితే జట్టు మెంటాలిటీ 'అటాకింగ్' అవుతుంది, బొమ్మలు ముందుకు దూకుతాయి. ఎడమకి జరిపితే 'డిఫెన్సివ్', వెనక్కొచ్చి గోలు కాసుకుంటాయి.

కోపం ముక్కు మీద ఉంటుందంటారు గానీ, కరీముల్లాకి బొటనవేలి మీద ఉండేది. బంతి మనవాళ్ళకి దొరికితే కుడికి, అవతలివాళ్ళకి దొరికితే ఎడమకి, ఆ వేలు ఒక్క నిమిషం కుదురుగా ఉండేది కాదు. ఇంత చేసినా గోలు పడితే తప్పు బొమ్మలదే. "ఒరేయ్, వెనక్కి రమ్మంటే వినపడదురా నీకు? కొని తెచ్చుకున్నందుకు నన్నే ముంచుతావా?" అని ఆయన అరిచే అరుపులకి పక్కింటి కోళ్ళు గోడ దిగి పారిపోయేవి.

అయితే ఆ ఆదివారం పది గంటలకే ఆయన నిజం మనుషుల్ని కూడా ఆడించాల్సి వచ్చింది. దానికి కారణం కూడా ఆ నోరే.

కరీముల్లా గుంటూరు ఊరి చివర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. వారం కిందట గోడౌను వెనక చేరి, "పోయినేడు కప్పు కొట్టిన జట్టేనంట్రా ఇది? అందరూ ముందుకి పొండి!" అని ఫోన్ని తిడుతుంటే యజమాని చెంచురామయ్య గారు వెనకే వచ్చి నిలబడ్డారు.

"ఎవరి మీదయ్యా ఆ కేకలు?"

డ్యూటీలో బొమ్మలాట ఆడుతున్నానంటే ఉద్యోగం ఊడుతుంది. "మా ఫుట్‌బాల్ జట్టండి. నేనే మేనేజర్ని," అన్నాడు కరీముల్లా. అందులో అక్షరం అబద్ధం లేదు.

"కప్పు గూడా కొట్టారా?"

"మూడుసార్లండి."

చెంచురామయ్య గారి మొహం వెలిగిపోయింది. ఆయన కోల్డ్ స్టోరేజీకీ పక్క కోల్డ్ స్టోరేజీకీ మధ్య ఉమ్మడి స్థలంలో ఒక రేకుల షెడ్డుంది. సీజన్లో హమాలీలు అన్నం తినడానికీ నడుం వాల్చడానికీ ఆ చుట్టుపక్కల ఉన్న నీడ అదొక్కటే. పోయినేడు పక్కవాళ్ళు దాన్ని ఆక్రమించుకున్నారు. ఇవతలి మనుషులు లారీల కింద దూరి అన్నాలు తిన్నారు. ఈ ఏడు పోటీ పెట్టుకుని గెలిచిన ముఠా షెడ్డు తీసుకోవాలని ఇద్దరు యజమానులూ అనుకున్నారు. క్రికెట్టయితే లారీల అద్దాలు పగులుతాయి. కబడ్డీ అయితే పోయినసారి పోలీసులు వచ్చారు. మిగిలింది ఫుట్‌బాల్. రెండు వైపులా దాని గురించి తెలిసినవాడు ఒక్కడూ లేడనుకుంటున్న సమయానికి చెంచురామయ్య గారికి మూడు కప్పుల మేనేజరు దొరికాడు.

హమాలీల ముఠాకి మేస్త్రి యేసుపాదం. లారీల రొదలో మాట వినపడదు కాబట్టి ఆయన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తించేది తువ్వాలు సైగతో. తువ్వాలు లేస్తే అందరూ ఒక్కసారే ఎత్తాలి, దిగితే అందరూ ఒక్కసారే దించాలి. ఒక్కడు ఆలస్యం చేసినా బరువు ఇంకొకడి మెడ మీద పడుతుంది. ఆ పద్ధతి చూసి కరీముల్లా ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంత మాట వినే జట్టు ఆయనకి ఫోన్లో కూడా దొరకలేదు.

"ఇంకేం! నా చేతిలో ఎర్ర తువ్వాలు లేస్తే అటాకింగ్, దిగితే డిఫెన్సివ్. మిగతాది నాకొదిలెయ్," అన్నాడు.

"మీరెట్టా అంటే అట్టానే గుమస్తా గారూ," అన్నాడు యేసుపాదం. "పోయిన ఎండల్లో మా బామ్మర్ది లారీ కిందే సొమ్మసిల్లి పడిపోయాడు. ఈసారి ఆ షెడ్డు మాకు రావాలండీ, అంతే."

ఆదివారం బయల్దేరబోతూ కరీముల్లా ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు. భార్య రహిమున్నీసా దాన్ని లాక్కుని బియ్యం డబ్బాలో పడేసింది.

"ఫైనలే అది!"

"నేను లేకపోయినా వాటి పాటికవే ఆడతాయని మీరే చెప్పారుగా, ఆడుకోనీండి. అక్కడ మనుషులు నీడ కోసం ఆడతన్నారు. బొమ్మల ధ్యాసలో పడి వాళ్ళని ఓడించారో, ఇంటికి రాబాకండి."

ఆ మంటతోనే ఆయన ఎర్ర తువ్వాలు పట్టుకుని మైదానం పక్కన నిలబడ్డాడు. బంతి మనవాళ్ళకి దొరికింది, తువ్వాలు లేచింది. పదకొండు మందీ ఒక్కసారిగా ముందుకి ఉరికారు. గోల్కీపరు కూడా. అవతలివాడు బంతిని వాళ్ళ తలల మీదుగా ఖాళీ గోల్లోకి తన్నాడు.

"నువ్వెందుకు పోయావురా?" అని గోల్కీపరు మీద విరుచుకుపడ్డాడు కరీముల్లా.

"తువ్వాలు లేచిందిగాండీ!"

తువ్వాలు దించాడు. పదకొండు మందీ వచ్చి గోలుకి అడ్డంగా పడ్డారు. ఎవడు ఎవణ్ణి తోశాడో తెలియలేదు గానీ, బంతి మన మోకాలికే తగిలి మన గోల్లోకే పోయింది. కరీముల్లాకి ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే ఆయనకి తెలిసిన వైద్యం ఒక్కటే, మెంటాలిటీ మార్చడం. లేపాడు, దించాడు, లేపాడు, దించాడు. టిక్కీలు మోసే మనుషులు ఎర్రటి ఎండలో ఈ గోలు నుంచి ఆ గోలుకి, ఆ గోలు నుంచి ఈ గోలుకి మందగా పరుగులు తీశారు. సగం ఆటకి మూడు గోల్స్ పడ్డాయి. మనవాళ్ళు నేల మీద పడి రొప్పుతున్నారు.

"ఏందండీ ఇది?" యేసుపాదం కళ్ళు నిప్పులయ్యాయి. "మీ కప్పుల జట్టుని గూడా ఇట్టాగే తిప్పి తిప్పి చంపుతారా?"

"వాళ్ళు ఒక్కరోజు అలిశామనలేదు! లోపం మీ మెంటాలిటీలో ఉంది!"

"ఎవరండీ ఆ మారాజులు? ఎక్కడుంటారు? పిలవండి, చూద్దాం!"

"ఎట్టా పిలుస్తానయ్యా? ఫోన్లో ఉంటారు వాళ్ళు!" అని గట్టిగా అరిచేశాడు కరీముల్లా.

కోపంలో నిజం జారిపోయిందని ఆయనకి ఆ తర్వాత తెలిసింది. అప్పటికే అందరూ లేచి కూర్చున్నారు.

"ఫోన్లోనా? బొమ్మలా?" అన్నాడు యేసుపాదం మెల్లగా. "బొమ్మల్ని ఆడించే చేత్తో మమ్మల్ని ఆడించావా?"

ఆయన 'అండీ' అనడం మానేశాడు. భుజం మీది సొంత తువ్వాలు తీసి పైకి లేపాడు. పదిమందీ ఒక్కసారిగా వంగారు, కరీముల్లా ఒక్కసారిగా గాల్లోకి లేచాడు. మైదానం అంచున మిర్చి లోడుతో ఉన్న లారీ మీద, టిక్కీలన్నిటికంటే పైన ఆయన్ని దించారు.

"ఆ ఎర్ర తువ్వాలు వంక ఎవడన్నా చూశాడో, కాళ్ళిరగ్గొడతా," అని యేసుపాదం తన మనుషులకి చెప్పాడు. "ఎవడి చోట వాడుండి ఆడండి."

ఇవతలివాళ్ళు చూడటం మానేశారు గానీ అవతలివాళ్ళు మానలేదు. మొదటి సగమంతా వాళ్ళు బంతి కంటే ఆ తువ్వాలునే ఎక్కువ చూశారు. అది లేస్తే వీళ్ళందరూ మీదికొస్తారు, దిగితే అందరూ వెనక్కి పోతారు, కాబట్టి భయం లేకుండా గోల్కీపరుతో సహా ముందుకి పోవచ్చు. ఆ లెక్క మీదే మూడు గోల్స్ కొట్టారు.

లారీ పైన కరీముల్లాకి మిర్చి ఘాటు ముక్కుకెక్కింది. తుమ్ము వచ్చినప్పుడల్లా తువ్వాలు ముక్కు దగ్గరికి లేస్తుంది, కళ్ళు మండి తుడుచుకున్నాక ఒళ్ళోకి దిగుతుంది. దిగ్గానే అవతలి ముఠా గోలు వదిలేసి ముందుకి దూకుతుంది. వెనక్కి పోవాల్సిన యేసుపాదం మనుషులు మాత్రం కదలకుండా అక్కడే ఉండి, బంతి లాక్కుని ఖాళీ గోల్లోకి తంతారు. ఒకటి. మళ్ళీ తుమ్ము. రెండు. "చెప్పింది వినరేంరా, వెధవల్లారా!" అని అరవబోతే గొంతులోంచి దగ్గు తప్ప మాట రాలేదు. ఆ ఉక్రోషంలో తువ్వాలు ఇంకా జోరుగా ఊగింది. మూడు. ఆట ముగిసే ముందు ఆయన కడుపు పట్టుకుని తుమ్మిన తుమ్ముకి నాలుగోది పడింది.

దూరంగా గొడుగు కింద కూర్చున్న చెంచురామయ్య గారికి సగం ఆట దగ్గర జరిగిన గొడవ వినపడలేదు. ఆయన పరుగున వచ్చి లారీ వైపు చేతులెత్తారు.

"శభాష్ కరీముల్లా! పైనుంచయితేగానీ ఆట తెలీదని లారీ ఎక్కావు చూడు, అదయ్యా మేనేజరంటే! వచ్చే నెల నరసరావుపేట వాళ్ళతో పెట్టుకుందాం."

"అట్టాగేనండీ," అన్నాడు యేసుపాదం. "లారీ లోడు చేసి ఉంచుతాం."

షెడ్డు కింద ముఠా అంతా అన్నాల క్యారేజీలు విప్పింది. ఎర్రబడ్డ ముక్కుతో ఎండలో నిలబడ్డ కరీముల్లాని యేసుపాదం చూశాడు. "మీ మీద కోపం మాత్రం పోలేదు గుమస్తా గారూ," అంటూ పక్కకి జరిగి చోటిచ్చాడు. "రండి, కూచోండి. ఎండగా ఉంది."

ఇంటికి రాగానే ఆయన బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఫోన్ తీశాడు. ఫైనల్ అయిపోయింది. గీత మధ్యలోనే ఉంది, దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. ఆయన జట్టు అయిదు గోల్స్‌తో నెగ్గి కప్పు ఎత్తుకుంది.

"గెలిచాయా?" రహిమున్నీసా భుజం మీదుగా తొంగి చూసింది. "మీరు తిట్టకుండానే?"

కరీముల్లా ఆ తెర వంక పళ్ళు నూరుతూ చూశాడు. పొద్దుటి నుంచి పడ్డ అవమానమంతా ఆ బొటనవేలి దగ్గరికి వచ్చి ఆగింది. కప్పు పట్టుకుని గంతులేస్తున్న పదకొండు మందినీ ఆయన అక్కడికక్కడే అమ్మకానికి పెట్టేశాడు.