కరెంటు పోయినా తెరుచుకోని తలుపు

ఆ ఉదయం మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. రికార్డుల గదికి కొత్తగా పెట్టించిన కరెంటు తాళాన్ని పదింటికి పరీక్షించాలి, పదకొండింటికి వచ్చే డైరెక్టరమ్మకు చూపించాలి. ఆవిడ మెచ్చితే ఉద్యోగం పర్మనెంటు. లేదంటే ఆర్నెల్ల కిందట వదిలొచ్చిన గోడౌనుకే తిరుగు ప్రయాణం.

తాళం ఎంచడానికే మూడు వారాలు పట్టింది. ఒక రకం కరెంటు పోతే తెరుచుకుంటుంది, ఇంకో రకం కరెంటు పోయినా బిగుసుకునే ఉంటుంది. తాళాలు బిగించే బావమరిది మొదటిదే మేలన్నాడు. "లోపల మనుషులుంటారు బావా, కరెంటు పోతే బయటపడాలి కదా."

మేనేజరు చెవికెక్కించుకోలేదు. దొంగ మెయిను ఆపేసి దర్జాగా నడిచొస్తాడని ఆయన బెంగ. రెండో రకమే పెట్టించాడు. లోపలివైపు పిడి దొంగకూ పనికొస్తుందని దాన్ని పీకించాడు. పనిలో పనిగా మెయిను ఉండే స్విచ్చుల గదికీ అదే తాళం వేయించాడు. ఎలుకలు దూరకుండా తలుపుల కింద రబ్బరు పట్టీలు కూడా కొట్టించాడు.

పదింటికి "నేనే దొంగననుకో" అంటూ కిటికీ లేని ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. బావమరిది మెయిను ఆపేసి వచ్చాడు. మేనేజరు చీకట్లో తలుపు తోశాడు, భుజంతో కుమ్మాడు. అది చలించలేదు. ఆయన ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

"భేష్. ఇక కరెంటు వెయ్యి."

"స్విచ్చుల గది తలుపు లాగేశాను బావా. అలవాటు."

"తియ్యి మరి."

"తియ్యాలంటే కరెంటుండాలి."

"మామూలు తాళంచెవులు ఉన్నాయి కదా."

"ఉన్నాయి. రెండూ మీ జేబులో."

నిజమే, జేబులోనే ఉన్నాయి. చెవి పెట్టే రంధ్రం మాత్రం బయటివైపు. కింద నుంచి తోద్దామంటే ఎలుకకే దారి లేదు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారని పెద్దలు ఊరికే అనలేదు.

"అక్కకి ఫోన్ చెయ్యనా బావా?"

"చేశావంటే నేనిక్కడే ఉండిపోతాను."

పదిన్నరకే డైరెక్టరమ్మ కారు గేటులోకి వచ్చిందన్న కబురు వినగానే మేనేజరు ఫైళ్ల కట్ట మీద కూలబడ్డాడు. గోడౌను వాసన ముక్కుకు తగిలింది. ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో నేల తుడుస్తున్న ఆయా బావమరిది సంచిలోంచి సుత్తి తీసింది. "అందరూ తాళం వైపే చూస్తారేంటండీ. బందులు ఇటే ఉన్నాయి కదా."

టక్కు టక్కుమని బందుల సీలలు రెండూ ఊడొచ్చాయి. తాళం నాలుక చాచి నిలబడి ఉండగానే తలుపు అటువైపు నుంచి ఊడి బావమరిది చేతుల్లోకి వచ్చింది. వెలుగులో ఎదురుగా డైరెక్టరమ్మ.

"ఏమైంది?" అంది.

అబద్ధం ఆడే ఓపిక లేక మేనేజరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ చాలాసేపు ఆ తలుపు వైపు చూసింది.

"కిందటి ఆఫీసులో ఇలాంటి గదిలోనే సాయంత్రం దాకా ఉండిపోయానండీ నేను. ఆ తాళం ఎంచినాయన ఒక్కసారి కూడా లోపలుండి చూడలేదు. మీరు చూశారు. మీ కాగితాల మీద ఇవాళే సంతకం పెడతాను. తాళం మాత్రం మీ బావమరిది చెప్పిందే పెట్టించండి."

గుండెల మీది కుంపటి దిగి మేనేజరు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆయాకు దండం కూడా పెట్టబోయాడు గానీ, ఆవిడ అప్పటికే బకెట్టు పట్టుకుని వెళ్లిపోయింది.

కొత్త తాళం వచ్చేదాకా పది రోజులు రికార్డుల గదికి తలుపే లేదు. ఒక్క కాగితమూ పోలేదు.