మల్లేశం గారి బుజ్జి కనపడటం లేదు

"ఢిల్లీ నగరం మొత్తానికి రెండే రెండు మెదళ్లు పనిచేస్తున్నాయి సుధీంద్రా. రెండోది ఎవరిదో నేనింకా కనిపెట్టలేదు" అన్నాడు బసవపున్నయ్య, పల్లీ తొక్కలు ఊదుకుంటూ.

సుధీంద్ర తలాడించాడు. ఆదివారం పొద్దున్నే సరోజినీ నగర్ క్వార్టర్లలో ఎండ పొడ తగిలే కుర్చీ ఒక్క పున్నయ్య ఇంట్లోనే ఉంది. ఆ కుర్చీ కోసం ఎన్ని మాటలైనా పడొచ్చని 2005 డిసెంబరు చలి అతనికి నేర్పింది.

పున్నయ్యది ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తా ఉద్యోగం. అది లోకం కళ్లు కప్పడానికేనని ఆయన చెప్పుకుంటాడు. అసలు వృత్తి అపరాధ పరిశోధన. "నేరానికి నిద్ర పట్టదు, నాకూ పట్టదు" అని విజిటింగ్ కార్డు కూడా కొట్టించుకున్నాడు. ఆఫీసులో మధ్యాహ్నం పూట ఆయన్ని చూసినవాళ్లకు ఆ కార్డు మీద పెద్దగా నమ్మకం ఉండేది కాదు. కిందటి నెల సొంత కళ్లజోడు పోతే మూడంతస్తుల వాళ్లనీ విచారించి, చివరికి అది తన నెత్తి మీదే ఉందని తేల్చి, ఆ కేసుకు "శిరస్సు మీద మృత్యువు" అని పేరు పెట్టాడు. చచ్చిందెవరని సుధీంద్ర అడిగితే, "సస్పెన్స్" అన్నాడు.

అప్పుడే తలుపు తట్టి మల్లేశం గారు లోపలికొచ్చారు.

ఇద్దరూ దిగ్గున లేచి నిలబడ్డారు. మల్లేశం గారు వాళ్లిద్దరూ పనిచేసే శాఖలోనే అకౌంట్స్ ఆఫీసరు. ఆరడుగుల మనిషి, గుబురు మీసం. ఆయన వరండాలో దగ్గితే టైపిస్టులు అక్షరాలు తప్పు కొట్టేవారు. అలాంటి మనిషి మఫ్లర్ మెలిపెడుతూ కుర్చీ అంచున కూర్చున్నారు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పున్నయ్యా, నువ్వేదో పరిశోధన చేస్తవంట గదా. బయటికి పొక్కొద్దు. మా బుజ్జి కనవడ్తలేదు."

పున్నయ్య కళ్లు మెరిశాయి. కిటికీ పరదా లాగేశాడు. ఎండ పోయింది. సుధీంద్రకు ప్రాణం ఉసూరుమంది.

"వయసెంత సార్?"

"నలభై ఎనిమిదుంటయి. నాకంటే నాలుగేండ్లు చిన్న."

"మీకేమవుతుంది?"

మల్లేశం గారు కాసేపు ఆలోచించారు. "ఏమైతదంటే ఏం చెప్పాలె? చిన్నప్పటి సంది నా పక్కలనే పంటది."

పున్నయ్య సుధీంద్ర వైపు చూసి కనుబొమలెగరేశాడు. "మేడం గారికి ఈ విషయం తెలుసా?"

"తెల్వకేమి. ఇద్దరి నడుమనే పంటది."

పున్నయ్య గ్లాసెడు నీళ్లు తాగాడు. "ఆనవాళ్లు చెప్పండి."

"ఒక కన్ను లేదు. చెయ్యి రెండుసార్లు ఊడితే కుట్టిచ్చిన."

"ఏ హాస్పిటల్లో?"

"హాస్పిటలెందుకు? మా సునందనే సూది దారం తీస్కొని కుట్టింది."

"నొప్పికి అరవలేదా సార్?" పున్నయ్య గొంతు పీలగా వచ్చింది.

"అరవనీకె నోరేడిది? నోరు ఎలుకలు కొరికినయి గదా."

పున్నయ్య గోడ పట్టుకున్నాడు. సుధీంద్రకు మాత్రం ఆ ఎలుకల దగ్గర సంగతి అర్థమైంది. మల్లేశం గారు సెలవు తీసుకోగానే వెనకే మెట్ల దాకా వెళ్లి, గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, బుజ్జి అంటే గుడ్డబొమ్మ కదా?"

మల్లేశం గారు అటూ ఇటూ చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు నాలుగేండ్లప్పుడు జరమొచ్చి పానం మీదికొస్తే మా అమ్మ తన చీర చింపి కుట్టింది సుధీంద్రా. ఆమె పోయి శానా ఏండ్లాయె. రేపు నన్ను దవాఖానల చేర్చుకుంటరు, గాల్ బ్లాడర్ ఆపరేషన్. ఫైళ్ల మీద సంతకం చేసేటప్పుడు వణకని చెయ్యి, గిప్పుడు వణుకుతున్నది చూడు."

"మేడం గారినే అడగొచ్చు గదా సార్?"

"మొన్న పాత బట్టలేసి స్టీలు గిన్నెలు తీస్కున్నది. బుజ్జి గూడ ఆ మూటల పోయిందని చెప్తే నేను ఇనలేను. నువ్వు ఎవ్వరికి చెప్పకు. ఆ పున్నయ్యకు అసలే చెప్పకు."

సుధీంద్ర మాటిచ్చాడు. తిరిగొచ్చేసరికి పున్నయ్య ఓవర్‌కోటు, మంకీ క్యాపు, వాటి మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మారువేషమట. ఎదురింటి పంజాబీ ఆంటీ చూసి, "నమస్తే పున్నయ్యా జీ, తబియత్ ఠీక్ హై?" అని ఒంట్లో ఎలా ఉందన్నట్టు పలకరించింది.

"గుర్తు పట్టినట్టు నటిస్తోంది" అన్నాడు పున్నయ్య. "సుధీంద్రా, ఒక అబలకు కన్ను పీకారు. చెయ్యి ఊడదీసి మత్తుమందు లేకుండా కుట్టారు. ఎలుకలున్న గదిలో బంధించారు. ఇప్పుడు మాయం చేశారు. దీని వెనక ఒక స్త్రీ హస్తం ఉంది."

"అది కాదు పున్నయ్య గారూ..." అని మొదలుపెట్టి సుధీంద్ర నాలుక కరుచుకున్నాడు. ఇచ్చిన మాట అడ్డొచ్చింది. సరే, ఈయన వెంటపడి వెతికినట్టు నటిస్తూ తానే నిజంగా వెతకొచ్చు అనుకుని బయల్దేరాడు.

మల్లేశం గారు మందులు కొనుక్కోవడానికి మార్కెట్‌కు వెళ్లారు. ఆయన ఇంటి వాకిట్లో భార్య సునందగారు మెంతికూర వలుస్తూ కూర్చుని ఉంది. పున్నయ్య సూటిగా వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"మేడం, బుజ్జిని ఏం చేశారు?"

ఆవిడ చేతిలో మెంతికూర ఆగిపోయింది. "బుజ్జి కనపడట్లేదా? అందుకేనా ఈయన రెండు రోజుల నుంచి మంచం కిందికి దూరుతున్నారు? ఉంగరం పోయిందని చెప్పారు నాతో." ఆవిడ మొహం మెల్లగా పాలిపోయింది. "అయ్యో, మొన్న గిన్నెలామెకు వేసిన మూటలో గానీ పోలేదు కదా."

"ప్రతిఫలంగా ఏం ముట్టింది?"

"ఒక స్టీలు డబ్బా. మూత కూడా సరిగ్గా పట్టట్లేదు."

పున్నయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మనిషినిచ్చి మూత పట్టని డబ్బా" అని గొణిగాడు.

ఆవిడకు ఆ మాట వినపడలేదు. కొంగుతో కళ్లొత్తుకుంటూ, "వాళ్లమ్మ చీర అది. రెండోసారి కుట్టేటప్పుడు ఆ దారం రంగు కోసం మార్కెట్టంతా తిరిగాను. ఇప్పుడాయన మొహం ఎలా చూడను?" అంది సుధీంద్రతో.

గిన్నెలామె ఏ వీధిలో తిరుగుతుందో కనుక్కుందామని సుధీంద్ర నోరు తెరవబోయాడు. అంతలో పైన మేడ మీద అడుగుల చప్పుడైంది. పున్నయ్య పెదవుల మీద వేలు పెట్టి, పిల్లిలా మెట్లెక్కాడు. ఓవర్‌కోటు కాళ్లకు చుట్టుకుని రెండుసార్లు పడ్డాడు. సుధీంద్ర, సునందగారు వెనకే వెళ్లారు.

మేడ మీద ఎండలో అన్ని ఇళ్ల దూది రజాయిలూ తాళ్ల మీద వరసగా ఆరేసి ఉన్నాయి. వాటి వెనక కేబుల్ టీవీ అతను చేతిలో వైరు చుట్ట పట్టుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"హా భాయ్, బచ్చీ కో నానీ కే యహా ఛోడ్ దియా. అబ్ కామ్ పే హూ."

కూతుర్ని అమ్మమ్మ ఇంట్లో దింపి పనికొచ్చానని అతను ఎవరికో చెబుతున్నాడు, అంతే. పదిహేనేళ్లుగా ఢిల్లీలో ఉంటున్నా పున్నయ్యకు హిందీ ముక్కలు ముక్కలుగానే వచ్చు.

"విన్నావా? బుజ్జి హిందీలో బచ్చీ అవుతుంది. ఇది భాషాశాస్త్రం" అన్నాడు సుధీంద్ర చెవిలో. "నానీ అంటే ముఠా నాయకురాలు. వైరు చూశావుగా, కట్టేయడానికే."

"పున్నయ్య గారూ, ఆయప్ప మన కేబులాయన. నెల నెలా మీ ఇంటికే వస్తుంటాడు."

"అదే నన్ను బాధిస్తోంది" అని, పున్నయ్య చేతులు చాచి ముందుకు దూకాడు.

కేబులతను పక్కకు తప్పుకున్నాడు. నల్ల కళ్లద్దాల్లోంచి తాడు కనపడని పున్నయ్య నేరుగా వెళ్లి ఒక పూలపూల రజాయిని ఢీకొన్నాడు. తాడు తెగింది. రజాయి ఆయన మీద కూలింది. లేవబోయి రజాయి గలేబు మూతి దగ్గర గుండీలు ఊడిన సందులోకి తల దూర్చాడు. తర్వాత భుజాలు దూరాయి. బయటపడాలని తన్నుకునే కొద్దీ లోపలికే వెళ్లి, ఆఖరికి బూట్లు మాత్రం బయట మిగిలాయి.

"సుధీంద్రా" గలేబులోంచి గొంతు వచ్చింది. "ఇక్కడ ఇంకొకడున్నాడు. మెత్తగా ఉన్నాడు. నా మొహం మీద కూర్చున్నాడు."

లోపల పిడిగుద్దులు వినిపించాయి. ప్రత్యర్థి ఏమీ అనలేదు.

"భాయ్‌సాబ్ కో క్యా హువా?" అన్నాడు కేబులతను. సుధీంద్ర ఒక బూటు పట్టుకున్నాడు. రెండోది అతను పట్టుకున్నాడు. ఇద్దరూ లాగితే పున్నయ్య బయటికొచ్చాడు. ఆయన పిడికిట్లో మట్టిరంగు గుడ్డబొమ్మ ఉంది. ఒక కన్ను లేదు, నోటి దగ్గర చిరుగు.

సునందగారు నేల మీదే కూర్చుండిపోయింది. "ఇది మా రజాయే. ఈయన రోజూ కప్పుకుని పడుకునేది ఇదే కదా" అంటూ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

మందుల సంచీతో మల్లేశం గారు అప్పుడే మెట్లెక్కి వచ్చారు. పున్నయ్య ఆయన ముందు బొమ్మను ఎత్తి చూపాడు. "సార్, ధైర్యంగా ఉండండి. ఆమె నోట్లో కుక్కడానికి ముఠా వాడిన గుడ్డ ఇదే."

మల్లేశం గారు పున్నయ్య చేతిలోంచి బొమ్మను నెమ్మదిగా తీసుకుని, దుమ్ము దులిపి, స్వెట్టరు లోపల పెట్టుకుని దిగి వెళ్లిపోయారు. సునందగారు వెనకే వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

"షాక్" అన్నాడు పున్నయ్య.

ఆపరేషన్ రోజున స్ట్రెచర్ థియేటర్ తలుపు దగ్గరకు రాగానే మలయాళీ నర్సు దుప్పట్లోంచి బయటికొచ్చిన గుడ్డ చెయ్యి చూసింది. "యే క్యా హై సార్?"

సుధీంద్ర, పున్నయ్యలతో కలిపి ఆఫీసు వాళ్లు నలుగురున్నారు అక్కడ. మల్లేశం గారు అందరి వైపూ ఒకసారి చూశారు. దాచలేదు. "మేరీ అమ్మా నే సియా. ఇస్కా నామ్ బుజ్జి హై" అన్నారు, అమ్మ కుట్టిందని చెబుతూ. బొమ్మను సునందగారికిచ్చి, "జర పట్టుకో. నేనొచ్చినంక ఇద్దువు" అన్నారు. చెయ్యి వణకలేదు. ఎవరూ నవ్వలేదు. నర్సు మాత్రం ఆ బొమ్మ తలను ఒకసారి నిమిరి తలుపు తోసింది.

ఆపరేషన్ చక్కగా జరిగిందని డాక్టరు వచ్చి చెప్పాక సుధీంద్ర పక్కకు తిరిగి చూస్తే, పున్నయ్య కళ్లలో నీళ్లు.

"ఎంత ప్రేమయ్యా ఆ మనిషిది" అన్నాడు. "తప్పిపోయిన మనిషి పేరు ఒక గుడ్డబొమ్మకు పెట్టుకుని మనసు సమాధానపరుచుకుంటున్నాడు. మనం ఆమెను వెతకాలి సుధీంద్రా. ఘాజియాబాద్ నుంచి మొదలుపెడదాం."

సుధీంద్ర ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"వెతుకుదాం పున్నయ్య గారూ. ముందు టీ తాగుదాం పదండి."